కాలినడకన చదువవలసిన పట్టణము

పట్టణములను చూచుట వేఱు, ఎఱుగుట వేఱు. బండిలో కూర్చుండి కిటికీగుండ చూచినవాడు మేడలను చూచును. ఛాయాపటములలో చూచినవాడు మేడల ముఖములను మాత్రమే చూచును. కాలినడకన పోయినవాడు ఆ మేడలను కట్టినవారి తలంపులను సైతము కొంత తెలిసికొనగలడు. నేటికాలమున ప్రయాణము సులభమైనది. ఐరోపాఖండపు నగరముల చిత్రములను మన పిల్లలు అరచేతిలోని చిన్న యంత్రమునందే చూచుచున్నారు. చదువులకును ఉద్యోగములకును ఆ దేశములకు పోవు మన యువకులును యువతులును అనేకులు కలరు. వారిలో పెక్కుమంది ఒక ప్రసిద్ధ గోపురము నెదుట నిలువబడి ఛాయాపటము తీయించుకొని, అంతటితో ఆ పట్టణమును చూచితిమని తృప్తిపడుదురు. ఇది చాలదని నా అభిప్రాయము. ప్రాచీనమైన పట్టణము ఒక గ్రంథము వంటిది. దానిని తొందరపడక, పనులు ముగిసిన సాయంకాలపు వేళ, వీధివెంట వీధిగా చదువవలెను. అట్లు చదివినవానికి రెండు విషయములు బోధపడును. పాతదానిని క్రొత్త పనికి వినియోగించి నిలుపుకొనిన పట్టణమే నిజముగా ప్రాచీనమైనది. తన మేలునే గాక కీడును గూడ దాచక చెప్పు పట్టణమే నిజముగా గౌరవింపదగినది. ఈ రెండు మాటలను ఒక పట్టణము నుదాహరణముగా గైకొని నిరూపింప యత్నించెదను.

ఉదాహరణమునకు రోమునో పారిసునో ఎన్నుకొనలేదు. జర్మనీదేశపు తూర్పుభాగమున, సాలె నదియొడ్డున నున్న హాలె అను పట్టణము నెన్నుకొంటిని. అది రెండు లక్షలకు పైబడిన జనసంఖ్య గల మధ్యమమైన పట్టణము. దానిని చూచుటకై లోకమంతయు పరుగెత్తిపోదు. ఐనను తెలుగు చదువరులకు, అందును మిషను పాఠశాలలలో అక్షరములు దిద్దినవారికి, ఆ పట్టణముతో ఒక బంధుత్వము కలదు. ఆ బంధుత్వమెట్టిదో నడక చివర తేటపడును. ముందుగా దారి పట్టుదము.

ఆ దేశమున వేసవికాలపు సాయంకాలము మన సాయంకాలము వంటిది కాదు. మనకు సూర్యుడు క్రుంకిన కొలది నిమిషములకే చీకటి పడును. అచ్చట జూను మాసమున రాత్రి తొమ్మిది గంటలు దాటినను వెలుతురు పోదు. అంగళ్లు మూయబడును, జనులు బయట బల్లల యొద్ద కూర్చుండి మాటలాడుకొందురు, ఎండ వాలుగా పడి మేడల పైకప్పులను బంగారువన్నె చేయును. పగటివేళ కొనుగోలుదారుల సందడిలో మఱుగుపడు శిలాక్షరములు ఆ వేళ కంటికి తగులును. అందుచేతనే సాయంకాలపు నడక మేలని చెప్పితిని.

రైలుస్టేషనునుండి పడమటిదిక్కుగా పోవు వీధిలో పూర్వపు కోటగోడకు చెందిన ఒక పాత బురుజు ఒంటరిగా నిలిచియున్నది. దానిని లైప్‌జిగ్ బురుజందురు. గోడ పోయినది, బురుజు మిగిలినది. దానిని దాటి, కాలిబాటగా నున్న వీధివెంట సాగిపోయినచో విశాలమైన సంతమైదానము ఎదురగును. ఆ మైదానమున అయిదు గోపురములు ఒక్కసారిగా ఆకాశమున కనబడును. హాలె అయిదు గోపురముల పట్టణమని పేరుపొందినది. వానిలో ఒకటి ఎఱ్ఱబురుజు. 1418వ సంవత్సరమున మొదలిడి 1506వ సంవత్సరమున ముగించిన గడియార గోపురమది. దాని యెత్తు 84 మీటర్లు. మొదలుపెట్టినవారెవ్వరును దాని శిఖరమును చూడలేదనుట నిశ్చయము. ఆ గోపురమున నేడు 76 గంటలు గల వాద్యయంత్రము మ్రోగుచుండును.

తక్కిన నాలుగు గోపురములును ఒక్క దేవాలయమునకు చెందినవి. ఆ దేవాలయపు చరిత్ర వినదగినది. పూర్వ మచ్చట రెండు దేవాలయములు ఎదురెదురుగా నుండెను. ఒక్కొక్కదానికి రెండేసి గోపురములు. పదునాఱవ శతాబ్దమున పాత మందిరములను పడగొట్టి, నాలుగు గోపురములను మాత్రము నిలిపి, వాని నడుమ క్రొత్త మందిరమును కట్టిరి. ఆ పని 1529వ సంవత్సరమున ఆరంభమై 1554వ సంవత్సరమున ముగిసెను. తూర్పువైపు గోపురములు రెంటిని కలుపుచు ఎత్తున ఒక వంతెన గలదు. అచ్చట కావలివాడు కాపురముండి, పట్టణమున ఎచ్చటనైన నిప్పంటుకొన్నచో హెచ్చరిక చేయుచుండెను. ఈ కట్టడము నా మొదటిమాటకు మొదటి సాక్షి. ఆ నిర్మాతలు పాతదానినంతయు మ్రొక్కుచు కూర్చుండలేదు, పాతదానినంతయు నేలమట్టము చేయలేదు. పనికివచ్చుదానిని నిలిపి, నడుమ తమకు వలసినదానిని కట్టుకొనిరి.

కట్టుచుండగనే ఆ మందిరపు ఉద్దేశమే మాఱినది. దానిని తలపెట్టినవాడు రోమను కతోలిక సంఘపు కార్డినలైన ఆల్బ్రెక్టు. కట్టడము ముగియకముందే, 1541వ సంవత్సరమున, సంస్కరణోద్యమము ఆ పట్టణమున ప్రవేశించెను. మార్టిన్ లూథరు అచ్చట ప్రసంగించెను. 1546వ సంవత్సరపు ఫిబ్రవరిలో ఆయన ఐస్లేబెనులో మరణింపగా, విట్టెన్‌బర్గునకు కొనిపోవుచు ఆయన దేహమును ఈ పట్టణమున ఒక రాత్రి యుంచిరి. ఆయన ముఖపు మైనపు అచ్చు నేటికిని ఆ దేవాలయమున భద్రముగా నున్నది. అదే మందిరమున 1664వ సంవత్సరపు నాటి చిన్న ఆర్గను వాద్యమొకటి గలదు. సంగీతకర్తయగు హాండెల్ ఈ పట్టణమున 1685వ సంవత్సరపు ఫిబ్రవరి 23వ తేదీన పుట్టి, ఈ దేవాలయముననే బాప్తిస్మము పొంది, ఇచ్చటి ఆర్గను విద్వాంసుడైన త్సాఖోవ్ యొద్ద సంగీతము నేర్చుకొనెను. క్రిస్మసు దినములలో మన దేవాలయములందు సైతము పాడబడు ‘మెస్సయ్య’ గానము ఆయన రచించినదే. తరువాతి కాలమున లండనులో అనాథశిశువుల ఆశ్రమమునకై ఆయన ఆ గానమును పలుమాఱులు జరిపించి ధనము చేకూర్చెను. ఆయన విగ్రహము 1859వ సంవత్సరమున సంతమైదానమున నిలుపబడినది. చదువరులు ఈ అనాథశిశువుల మాటను జ్ఞాపకముంచుకొనవలెను. ఈ నడకలో ఆ మాట మఱల వచ్చును.

దేవాలయపు వెనుక మెట్లు దిగినచో పల్లమున మఱియొక మైదానము గలదు. పూర్వమచ్చట ఉప్పునీటి బావులు, ఉప్పు కాచు గుడిసెలు నుండెను. ఈ పట్టణపు భాగ్యమంతయు ఉప్పునుండి వచ్చినది. ఉప్పు కాచు పనివారు తమలో తాము ఒక సంఘముగా నేర్పడి, తమ వేషమును తమ ఆచారములను తరతరములుగా కాపాడుకొనిరి. నేడు బావులు కానరావు, ఉప్పు కాచుటయు జీవనోపాధిగా లేదు, ఐనను ఆ పనివారి సంఘము నిలిచియున్నది. పైన దేవాలయము, క్రింద ఉప్పుకొట్టములు. ఎత్తున నున్న గోపురములను పల్లమున చెమటోడ్చినవారి ఉప్పే నిలిపినదని ఆ మెట్లు దిగువానికి వేఱుగ చెప్పనక్కఱలేదు. గోపురములను మాత్రమే చూపు మార్గదర్శకుడు సగము కథనే చెప్పుచున్నాడు.

ఇక రెండవ మాటకు వచ్చెదను. ఆ వీధులలో తలవంచి నడచువానికి కాలిబాటరాళ్ల నడుమ అక్కడక్కడ చిన్న ఇత్తడి పలకలు మెఱయుచు కనబడును. ఒక్కొక్కటి పది సెంటీమీటర్ల చదరము. ‘ఇచ్చట నివసించెను’ అని ఆరంభించి, ఒక పేరు, పుట్టిన సంవత్సరము, కొనిపోబడిన సంవత్సరము, చంపబడిన స్థలము దానిపై చెక్కబడియుండును. హిట్లరు పరిపాలనమున చంపబడిన యూదులు మొదలగువారి జ్ఞాపకార్థమై, వారు తమ యిష్టముతో కాపురమున్న కడపటి ఇండ్ల వాకిళ్లయెదుట ఈ రాళ్లను పొదుగుచున్నారు. 1990వ దశకమున జర్మను శిల్పి యొకడు ఆరంభించిన ఈ పని ఐరోపాయందు అనేక పట్టణములకు వ్యాపించినది. ఆ రాతిని చదువవలెనన్నచో తలవంచక తప్పదు. సంతమైదానమునకు ఉత్తరముగ కొంతదూరమున యూదుల ప్రార్థనామందిరమొకటి గలదు. 2019వ సంవత్సరపు అక్టోబరు 9వ తేదీన, వారి ప్రాయశ్చిత్త దినమున, తుపాకితో వచ్చిన ద్వేషి యొకడు దాని తలుపును పగులగొట్ట ప్రయత్నించెను. లోపల యాభైమందికి పైగా ప్రార్థించుచుండిరి. ఆ చెక్కతలుపు పగులలేదు, వారు బ్రతికిరి. కాని వెలుపల ఇద్దఱు నిరపరాధులు వాని చేత చంపబడిరి. గుండ్లు తగిలిన ఆ తలుపును పాఱవేయక జ్ఞాపకచిహ్నముగా నిలిపిరి. ఇట్టివానిని దాచివేసి, పూలకుండీలను మాత్రము చూపుట సులభము. దాచకుండుటయే ఘనత.

ఇదే న్యాయమున అచ్చటి విశ్వవిద్యాలయమును గూర్చియు తలపవలెను. అది 1694వ సంవత్సరమున స్థాపింపబడినది. 1754వ సంవత్సరమున డొరొతేయా ఎర్క్స్‌లేబెన్ అను వనిత అచ్చట పరీక్షనిచ్చి వైద్యశాస్త్రపట్టమును పొందెను. జర్మనీలో అట్టి పట్టమును పొందిన ప్రథమస్త్రీ ఆమెయే. ఆమె వంటి స్త్రీలకు ఆ దేశపు వైద్యపరీక్షల ద్వారములు సామాన్యముగా తెఱువబడుటకు మఱి నూటనలువదియేండ్లకు పైగా పట్టెను. మన బాలికలు ఈ సంఖ్యను మఱువరాదు. పశ్చిమ ఆఫ్రికానుండి బాల్యముననే కొనిరాబడిన ఆంటన్ విల్‌హెల్మ్ ఆమో 1727వ సంవత్సరమున అచ్చట విద్యార్థిగా చేరి, 1729వ సంవత్సరమున ఐరోపాలో నల్లవారికిగల హక్కులను గూర్చి వాదప్రసంగము చేసి, పిమ్మట తత్త్వశాస్త్రమును బోధించు పండితుడయ్యెను. ఇవి మెచ్చదగినవి. కాని అదే విశ్వవిద్యాలయమున క్రిస్టియన్ వోల్ఫ్ అను తత్త్వవేత్త, చీనాదేశస్థులు క్రైస్తవులు కాకపోయినను ఉత్తమమైన నీతిమార్గమును కనుగొనగలిగిరని 1721వ సంవత్సరమున ఉపన్యసించినందున గొప్ప కలహము పుట్టెను. 1723వ సంవత్సరమున నలువదియెనిమిది గంటలలోపల రాజ్యము విడువవలెననియు, లేనియెడల ఉరిశిక్షయనియు రాజు ఆజ్ఞాపించెను. ఆయన విరోధులలో భక్తులైన దైవశాస్త్రపండితులే ముందుండిరి. 1740వ సంవత్సరమున క్రొత్త రాజు ఆయనను గౌరవముతో మఱల పిలిపించెను. భక్తి గలవారు సైతము భయపడినపుడు అన్యాయము చేయగలరని ఈ కథ చెప్పుచున్నది. మిషను పాఠశాలలో చదువు మనము ఈ కథను చెప్పుకొనుటకు సిగ్గుపడరాదు. చెప్పుకొనకుండుటకే సిగ్గుపడవలెను.

ఇప్పుడు సంతమైదానమునుండి దక్షిణముగా పోవుదము. పూర్వకాలమున కోటగోడకు వెలుపల గ్లౌఖా అను బీదపేట యుండెను. 1682వ సంవత్సరపు మహామారిచేత ఆ పేట పాడుపడినది. సారాయి అంగళ్లు మాత్రము కొదువలేదు. అచ్చటికి 1692వ సంవత్సరమున ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకెగారు పాదిరిగా వచ్చిరి. ఆయనయే విశ్వవిద్యాలయమున ఆచార్యుడు గూడ. 1695వ సంవత్సరమున ఆయన యింటనుంచిన కానుకపెట్టెలో ఒకరు నాలుగు టాలరులు పదునాఱు గ్రోషెనులు వేసిరి. ఆ సొమ్ముతో ఆయన పుస్తకములు కొని బీదపిల్లలకు బడి పెట్టెను. 1698వ సంవత్సరమున అనాథాశ్రమపు పెద్దభవనమునకు పునాది వేయబడినది. ఆ భవనపు నెత్తిమీద సూర్యునివైపు ఎగురుచున్న రెండు గద్దల శిల్పము గలదు. యెషయా గ్రంథము నలువదియవ అధ్యాయపు కడపటి వచనము నెఱిగిన పిల్లలకు దాని భావము చెప్పనక్కఱలేదు.

ఆ కార్యము కానుకలచేతనే నడచినదనుకొనుట పొరపాటు. ఫ్రాంకెగారు మందులు తయారుచేయు శాలను, ముద్రణాలయమును, పుస్తకముల అంగడిని పెట్టించి, వాని రాబడితో పిల్లలను పోషించెను. 1710వ సంవత్సరమున చౌకవెలకు బైబిళ్లను అచ్చువేయు సంస్థ ఆరంభమయ్యెను. పెద్దభవనపు వెనుక పొడుగైన ముంగిలి, దాని ప్రక్కగా కఱ్ఱదూలములతో కట్టిన ఆఱంతస్తుల పిల్లల వసతిగృహము నూఱు మీటర్లకు మించి సాగియున్నది. దానితో చేరి 1726వ సంవత్సరమునకును 1728వ సంవత్సరమునకును నడుమ కట్టిన గ్రంథాలయము గలదు. పెద్దభవనపు అటకమీద పిల్లలకు లోకజ్ఞానము కలుగుటకై వింతవస్తువుల శాల నొకదానిని కూర్చిరి. శంఖములు, ఖనిజములు, దూరదేశపు బొమ్మలు, పైకప్పున వ్రేలాడు మొసలి ఇప్పటికిని పాత బీరువాల నడుమ నున్నవి. ఆశ్రమపు బీదపిల్లవాడు మొసలిని చూచి ఆశ్చర్యపడుటకు హక్కు గలవాడని ఆ పెద్దలు నమ్మిరి. విద్యను గూర్చి ఇంతకన్న గొప్పమాట నేను వినలేదు.

ఇచ్చటనే మన బంధుత్వము. 1706వ సంవత్సరమున తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అను మొదటి ప్రొటెస్టంటు మిషనరీలు ఈ హాలె పాఠశాలతో సంబంధము గలవారే. వారి వెనుక 1719వ సంవత్సరమున వచ్చిన బెంజమిన్ షుల్జ్ అనువారు పిమ్మట మద్రాసు చేరి, అచ్చటి తెలుగువారి భాషను నేర్చుకొని, 1728వ సంవత్సరమున లాటిను భాషలో తెలుగు వ్యాకరణమును వ్రాసిరి. బైబిలును తెలుగున తర్జుమా చేసిరి. ఏ భాషయు ఒంటరిగా అలవడదు. ఆయనకు ఓర్పుతో నేర్పిన తెలుగువారు ఉండితీరవలెను. వారికిని మన వందనములు చెల్లును. 1743వ సంవత్సరమున ఆయన స్వదేశమునకు పోయి హాలెలో నివసించెను. అచ్చట 1746, 1747 సంవత్సరములలో ఆయన సిద్ధపఱచిన చిన్న క్రైస్తవపుస్తకములు తెలుగు అక్షరములతో అచ్చుపడినవి. తెలుగు అచ్చుపుస్తకములలో మొట్టమొదటివిగా ఎన్నబడునవి ఇవియే. గోదావరి కృష్ణల తీరములకు వేలకొలది మైళ్ల దూరమున, మంచు కురియు ఆ యూరిలో, అ ఆ ఇ ఈలు సీసపు అచ్చులుగా పోతపోయబడినవి.

ఆ వ్యాకరణము గతి యేమైనదో వినుడు. అది వ్రాతప్రతిగానే మిగిలి, 1984వ సంవత్సరమున హాలెలో అచ్చుపడినది. రెండువందల యాభైయాఱు సంవత్సరములు దానిని చదువగోరినవారు అరుదు, ఐనను ఎవరో దానిని అటకనుండి పాఱవేయలేదు, చెదలకు వదలలేదు, పొయ్యిలో పెట్టలేదు. ఆ కాలమున ఆ దేశము ఎన్ని కష్టములు పడినదో తలచినచో ఈ మాట బరువు తెలియును. 1945వ సంవత్సరపు మార్చి నెలాఖరున పట్టణముపై బాంబులు పడినవి. ఏప్రిలులో అమెరికా సేన సమీపించినపుడు ఫెలిక్స్ ఫన్ లుక్నర్ మొదలగువారు ఎదురేగి మాటలాడినందున పట్టణము సర్వనాశనమును తప్పించుకొనెను. ఐనను ఎఱ్ఱబురుజు శిఖరము కాలిపోయినది. దానిని 1970వ దశకమున మఱల కట్టిరి.

యుద్ధము చేయని కీడును అశ్రద్ధ చేసినది. 1946వ సంవత్సరమున ఫ్రాంకెగారి సంస్థను రద్దుచేసి దాని యిండ్లను విశ్వవిద్యాలయమున కలిపిరి. కొత్త పేటలపై దృష్టినిలిపిన ఆనాటి ప్రభుత్వము పాతయిండ్లకు తగినంత మరమ్మతు చేయలేదు. పైకప్పులు కారినవి, దూలములు కుళ్లినవి. 1960వ దశకపు చివర మోటారుబండ్లకై కట్ట నారంభించిన ఎత్తైన రహదారి అనాథాశ్రమపు ముఖమునకు ఎదురుగనే పోయినది. అది నేటికిని అచ్చటనే యున్నది. గద్దలు సూర్యునివైపు చూచుచుండగా వాని క్రింద బండ్లు మ్రోగుచు పోవుచుండును. 1990వ సంవత్సరమున జర్మనీ ఏకమైన పిమ్మట సంస్థ మఱల నిలిచెను. గ్రంథాలయవిద్యలో పేరుపొందిన పాల్ రాబె అను పండితుడు, వృద్ధాప్యమున విశ్రమింపదగిన వయసున, 1992వ సంవత్సరమునుండి 2000వ సంవత్సరము వఱకు దానికి పెద్దగానుండి ఒక్కొక్క యింటిని బాగుచేయించెను. నేడా యిండ్లలో శిశువిహారములు, పాఠశాలలు, విశ్వవిద్యాలయపు శాఖలు, గ్రంథాలయము, వస్తుప్రదర్శనశాల గలవు. మూడువందల యేండ్ల ముంగిలిలో నేటి పిల్లలు ఆటలాడుచున్నారు. కేవలము చూచుటకు నిలిపిన కట్టడము సమాధి వంటిది. పిల్లల కేకలు వినబడు కట్టడము ఇల్లు.

దీనికి ఒక ఆక్షేపణ గలదు. ‘ఆకలిగొన్నవానికి పాతగోడ అన్నము పెట్టునా? ఆ ధనముతో బీదలకు క్రొత్తయిండ్లు కట్టరాదా?’ అని కొందఱు ప్రశ్నింతురు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పాతదనినంతనే పూజింపవలెనని నేను చెప్పుటలేదు. గాలియాడని, వెలుతురు రాని, వానకు కూలునట్టి గదిలో పిల్లలను కూర్చుండబెట్టుట పాపమే. అట్టిదానిని తీసివేసి క్రొత్తది కట్టవలసినదే. కాని చెడినది దేనివలన చెడినదని ముందుగా అడుగవలెను. పెంకు జాఱినపుడు ఆ పెంకును సరిచేయనివాడు, పదియేండ్ల తరువాత దూలము కుళ్లినదని ఇంటినంతయు పడగొట్టుచున్నాడు. అది దారిద్ర్యము కాదు, సోమరితనము. మఱియు ఫ్రాంకెగారి గోడలు ఆకలిగొన్న పిల్లలకై కట్టిన గోడలే. వానిని నిలుపుటయనగా ఆ పనిని నిలుపుటయే. అన్నము పెట్టినవారి జ్ఞాపకమును పడగొట్టిన యూరు తరువాత అన్నము పెట్టువారిని పుట్టించునా యని నా సందేహము.

‘వారు ధనవంతులు, మనము కాము’ అనునది రెండవ ఆక్షేపణ. నాలుగు టాలరులతో ఆరంభమైన కథను విన్నవారు ఈ మాట అనరాదు. ఐనను మన సంగతియే చూతము. 1842వ సంవత్సరమున గుంటూరునకు హయ్యరుగారు వచ్చిరి. 1843వ సంవత్సరమున మచిలీపట్టణమున రాబర్ట్ నోబుల్‌గారు పాఠశాలను స్థాపించిరి. వారి వెనుక ఎన్నియో మిషనులు పల్లెపల్లెకు బడులు పెట్టినవి. ఆ పాత బడులలో ఎత్తైన పెంకుటింటి కప్పులు, సున్నపు గోడలు, పొడుగైన వరండాలు నేటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. వానితోపాటు పాత హాజరుపట్టీలు, ప్రవేశపు రిజిస్టరులు, పాదిరిగారి లెక్కపుస్తకములు ఏ మూలగదిలోనో పడియుండును. అక్షరములు దరిచేరనీయబడని కులములనుండి మొదటగా బడిలో అడుగిడిన బాలుని పేరు, ఆ యూరిలో మొదటగా పలక పట్టిన బాలిక పేరు ఆ రిజిస్టరులలోనే వ్రాయబడియుండును. మఱెచ్చటను ఉండదు. ఆ కాగితమును చెదలు తినినచో ఆ కుటుంబపు చరిత్రలో మొదటి పుట పోయినట్లే. దానిని కాపాడుటకు కోట్లు అక్కఱలేదు. నేలకు అంటని బల్ల, మూతగల ఇనుపపెట్టె, అప్పుడప్పుడు ఎండ, శ్రద్ధగల ఒక మనుష్యుడు చాలును. యంత్రముతో ప్రతిపుటకును ఛాయ తీసి యుంచుట నేడు పదవతరగతి విద్యార్థికైనను సాధ్యమే.

కావున మిషను అధికారులకును ఉపాధ్యాయులకును నా మనవి ఇది. పాతగదిని పడగొట్టుటకు ముందు దానిలో ఏమి గలదో ఒకమాఱు నెమ్మదిగా చూడుడు. పునాదిరాతిని పగులగొట్టక క్రొత్త గోడలో పొదుగుడు. పాఠశాలచరిత్ర వ్రాయునపుడు దాతల పేరులతోపాటు ఇటుకలు మోసినవారిని, వంటవారిని, గంటకొట్టు జవానును గూడ వ్రాయుడు. చేసిన తప్పులున్నచో వానిని గూడ వ్రాయుడు. బడిలో ఏ పిల్లవానినైన వేఱుగా కూర్చుండబెట్టిన దినములు ఉండియుండినచో, ఆ మాట దాచినందున మన గౌరవము పెరుగదు. తలిదండ్రులారా, మీరు చదివిన తరగతిగదిని మీ బిడ్డలకు చేయిపట్టుకొని చూపుడు.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందఱు ముందు ముందు ఐరోపాకు పోవుదురు. పోయినపుడు గోపురమునెదుట నిలిచి ఛాయాపటము తీయించుకొనుడు, అందు దోషము లేదు. పిదప యంత్రమును జేబులో పెట్టి, సాయంకాలమున వీధివెంట నడువుడు. గోపురములను చూచుటకు తలయెత్తుడు, ఇత్తడిపలకలను చదువుటకు తలవంచుడు. ఈ రెండును అలవడినవానికి యాత్ర ఫలించినట్లే. పోలేనివారు చింతింపనక్కఱలేదు. మీ యూరిలోనే రచ్చబండ గలదు, పాత చెఱువుగట్టు గలదు, దేవాలయపు ప్రక్కన అక్షరములు చెఱగిపోవుచున్న సమాధిరాళ్లు గలవు. వచ్చు శనివారము సాయంకాలమున ఒక పుస్తకమును పెన్సిలును గైకొని ఒక్క రాతియొద్దకు పోయి, దానిమీది మాటలను తప్పులేకుండ ఎత్తి వ్రాసికొనుడు. దానిని గూర్చి ఊరి పెద్దలలో నొకరిని అడుగుడు. వారు చెప్పినది దాని క్రింద వ్రాయుడు. ఎవరును చదువరేమో యని సంకోచింపకుడు. షుల్జ్‌గారి వ్యాకరణమునకు చదువరులు దొరకుటకు ఎంతకాలము పట్టినదో మీరు వినియే యున్నారు.